పాముకు రేటెంత?

వాషింగ్ మెషీన్ వెనక, పైపు సందులో తోక కనిపించింది. కుమారస్వామి మోకాళ్ల మీద కూర్చొని టార్చి వెలుగును గోడ మీద వేశాడు. సూటిగా పాము మీద వేస్తే ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. గోడ మీద వేస్తే దాని నీడను బట్టి తల ఎటున్నదో తెలుస్తుంది.

"నాగుబామేనా?" వెనక నుంచి కొండల్‌రావు అడిగాడు. సుల్తానాబాద్‌లో పెద్ద రైసు మిల్లు ఆయనది. ఇప్పుడు మాత్రం తన వంటింటి గడప దాటి ఇవతలికి రావడం లేదు.

"అవు సారూ. జర అందరు ఎన్కకు జరుగుండ్రి. మెషీన్ ఎవలు ముట్టకుండ్రి."

ఇంట్లోవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు కాని చేతుల్లోని ఫోన్లు మాత్రం ముందుకే ఉన్నాయి. కుమారస్వామి ఇనుప కొక్కేన్ని మెల్లగా సందులోకి పోనిచ్చాడు. పాము నడుముకు కొక్కెం తగిలీ తగలకుండా ఆగింది. పాము బుస్సుమంది. అతను కదల్లేదు. పాముకు కోపం తగ్గేదాకా ఆగడమే ఈ పనిలో సగం. కాసేపటికి తోకను ఎడమచేత్తో అందుకొని కొక్కెంతో నడుమును లేపి బయటికి తీశాడు. పడగ విప్పి నిలబడిన పామును చూసి కొండల్‌రావు భార్య సరళాదేవి రెండు చేతులూ జోడించింది.

సంచి మూతికి బిగించిన పైపును అతను నేల మీద పెట్టాడు. చీకటి కంత కనిపించగానే పాము పడగ దించి అందులోకి జారిపోయింది. సంచి మూతిని మెలిపెట్టి ముడివేశాడు. ఎడమచేతి చూపుడువేలు వంగదు. నాగుబాము కాటు మిగిల్చిన వేలు అది. మిగిలిన వేళ్లతోనే రెండు ముళ్లు వేసి లేచాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

అదే సమయానికి ముందుగదిలో ఏసీ బాగుచేసిన మెకానిక్ కూడా స్టూలు దిగి చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు.

"విజిటింగ్ అయిదు వందలు, సర్వీసు పన్నెండు వందలు సార్," అన్నాడు మెకానిక్. కొండల్‌రావు ఫోన్ తీసి అతని ఫోన్ మీది గళ్ల బొమ్మకు చూపించాడు. మాట లేదు, బేరం లేదు. పైసలు పడ్డట్టు ఫోన్ పలికింది.

"నీకెంతయ్యా కుమారస్వామీ?"

"మీ ఇష్టం సారూ."

ఎక్కడికి పోయినా అతను అనేది ఆ మాటే. కొండల్‌రావు జేబులోంచి రెండు వందల నోటు తీసి అతని చేతిలో పెట్టాడు. "పుణ్యం పనయ్యా నీది. పైసలతోటి కొలిచేది కాదు," అని భుజం తట్టాడు. సరళాదేవి అరటిపండ్లు తెచ్చిచ్చింది. ఎవరో సంచి పట్టుకోమని ఫోటో తీసుకున్నారు.

స్క్రూడ్రైవర్లు సర్దుకుంటున్న మెకానిక్ ఆ నోటును చూశాడు. కుమారస్వామి ముఖం చూశాడు. చటుక్కున తల తిప్పుకొని బ్యాగు జిప్పు వేసుకున్నాడు. ఆ తల తిప్పుకోవడం కుమారస్వామికి దారి పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

*

ఇంట్లో అతని భార్య రేవతి కుట్టుమిషన్ ముందు కూర్చొని జాకెట్టుకు చేతులు అతుకుతోంది. అతను అరటిపండ్లు పక్కన పెట్టి జరిగింది చెప్పాడు. ఏసీ మెకానిక్ సంగతి చెప్పేటప్పుడు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

ఆమె మిషన్ ఆపింది. తల మీది గోడకు తగిలించిన అట్టముక్కను వేలితో చూపించింది. మామూలు జాకెట్టుకింత, లైనింగు జాకెట్టుకింత, ఫాల్‌కింత అని రాసి ఉంది.

"నా జాకెట్టుకు రేటున్నది. నీ పాణానికి లేదా?"

"గది గట్ల కాదు రేవతీ. ఇంట్ల పాము సొచ్చిందని పరేషాన్ల ఉంటరు. అప్పుడు పైసలడిగితె..."

"దవాఖాన్ల గూడ పరేషాన్లనే పోతరు. ముందుగాల పైసలు కట్టిచ్చుకోరా?" ఆమె అతని ఎడమచేయి లాక్కొని వంగని వేలును పట్టుకుంది. "గీ వేలుకు దవాఖాన్ల ఎంతయ్యిందో ఎవలన్న అడిగిన్రా? మా బాపు శ్రీరాంపూర్ గనిల పని చేసిండు. పుణ్యమని దిగలే. జీతమిస్తె దిగిండు."

ఎంతని అడగాలో కూడా తెలియదు అతనికి. పెట్రోలు, బూట్లు, సంచులు, పోయివచ్చే పొద్దు అన్నీ ఆమే లెక్క చెప్పింది. ఊర్లో అయితే వెయ్యి, బయటి ఊళ్లకు పెట్రోలు అదనం అని తేల్చింది.

"వెయ్యా? ఎవలిస్తరు?"

"ఏదీ, ఒక్కసారను."

"వెయ్యి."

"గొంతుల్నే ఉన్నది. బయటికి అను."

"వెయ్యి రూపాయలు."

"గంతె. మళ్ల 'మీ ఇష్టం' అనకు."

ఆ సాయంత్రం ఆమే అతని ఫోన్ తీసుకొని వాట్సాప్ స్టేటస్‌లో రేటు పెట్టింది.

మర్నాడు పొద్దున మొదటి ఫోన్ వచ్చింది. కిరాణా దుకాణం వెనక గదిలో పాము. కుమారస్వామి గొంతు సవరించుకొని రేటు చెప్పాడు. అవతలివాడు, "ఏందన్నా, పాములకు గూడ మీటర్ పెట్టినవా?" అని నవ్వాడు. ఆ నవ్వుకే కుమారస్వామి నీరుగారిపోయాడు. "అంటె... మరీ ఎక్కువనుకుంటె జర సూసి ఇయ్యుండ్రి," అనేశాడు. మిషన్ దగ్గర రేవతి తల పట్టుకుంది. ఆ రోజు అతని చేతికి ఆరు వందలు వచ్చాయి. దుకాణం మనిషి ఆ డబ్బు కౌంటర్ మీదికి విసిరినట్టు వేశాడు. మొన్నటి దాకా చాయ్ తాగి పొమ్మనేవాడు ఈసారి చాయ్ మాటెత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఊరి చివరి కాలనీ నుంచి యాదవ్వ అనే ముసలామె ఫోన్ చేసింది. ఇంటి ముందు పామున్నదని చెప్పింది. అతను రేటు చెప్పాడు.

"వెయ్యా? గన్ని పైసలు యాడికెల్లి తేవాలె బిడ్డా?" అని ఫోన్ పెట్టేసింది.

అతను కాసేపు మంచం మీద కూర్చున్నాడు. తర్వాత రేవతికి చెప్పకుండా కొక్కెం, సంచి తీసుకొని బండి తీశాడు. పోయేసరికి యాదవ్వ ఇంటి ముందు ముళ్లకంచె మీద పాము వేలాడుతోంది. తల నుజ్జు నుజ్జయింది. పసుపు కలిసిన గోధుమరంగు ఒళ్లు ఎండకు ఇంకా మెరుస్తోంది.

"నువ్వొస్తవనుకోలే," అంది యాదవ్వ. చేతిలో కట్టె ఇంకా అట్లాగే ఉంది.

"గిది జెర్రిపోతవ్వా. ఇసం లేదు దీనికి. ఎలుకల తింటది, గంతె."

"మాకేం ఎరుక బిడ్డా? ఎరుకున్నోనివి నువ్వు. నువ్వు వెయ్యంటివి."

అతను పామును కంచె మీంచి తీసి, గుంత తవ్వి పూడ్చాడు. యాదవ్వ నీళ్లిస్తే చేతులు కడుక్కున్నాడు. తాగమంటే వద్దన్నాడు.

ఇంటికి వచ్చి రేవతి మీద అరిచాడు. "నీ రేటుకు ఒక పాణం పోయింది. పామైతేంది, పాణం కాదా?"

ఆమె కుడుతున్న గుడ్డ పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. "కూలి చేసుకునేటోళ్లకు ఊకెనే పో. నేనొద్దన్ననా? ఆ ముసలామెకు ఫోన్లనే చెప్తె అయిపోవు, నీకొద్దవ్వా, వస్తున్న అని. రేటంటూ ఉంటెనే గదా, ఎవలకు తగ్గిస్తున్నవో నీకు తెలిసేది. రేటే లేకపోతె యాదవ్వా కొండల్‌రావూ నీకొక్కటే."

ఆ మాట నిజమే. కాని కంచె మీది పాము కళ్ల ముందు నుంచి పోలేదు. అన్నం సగంలోనే లేచాడు.

*

ఆ తర్వాత ఫోన్ మోగడం తగ్గింది. వానలు పడుతున్నాయి, పుట్టలు నీళ్లతో నిండుతున్నాయి, పాములు ఇళ్లలోకి వచ్చే రోజులు. అయినా ఫోన్ మోగదు. అతను మాటిమాటికి తీసి చూసుకున్నాడు. సిగ్నల్ ఉందా, ఛార్జింగ్ ఉందా అని చూశాడు. బండి కడిగాడు. కడిగిన కొక్కేన్నే మళ్లీ కడిగాడు.

సంగతేమిటో ఊరి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. గర్రెపల్లి సాగర్ నాగుబామును మెడ దగ్గర పట్టుకొని నవ్వుతున్న వీడియో. కింద ఎవరో, "ఈ తమ్ముడు పెట్రోల్ పైసలిస్తె వస్తడు. కొందరి లెక్క వేలకు వేలు అడగడు," అని పెట్టారు. దాని కింద దండం పెట్టే బొమ్మలు, పూల బొమ్మలు.

సాగర్ ఎవరో కుమారస్వామికి తెలుసు. మొన్నటిదాకా కొరియర్ పార్సిళ్లు పంచేవాడు. కిందటేడు ఒకటి రెండుసార్లు వెంట వచ్చి, "అన్నా, జర నేర్పే," అని అడిగాడు కూడా. తర్వాత యూట్యూబ్ చూసి తనే మొదలుపెట్టాడు. వీడియోలో వాడి చేతికి గ్లౌజు కూడా లేదు. మెడ పట్టిన తీరు చూసి కుమారస్వామి పళ్లు బిగించాడు. పాము ఒక్కసారి గట్టిగా గుంజుకుంటే చాలు.

"తగ్గిద్దామా?" అన్నాడు పొయ్యి దగ్గరున్న రేవతితో. "అయిదు వందలు."

"వాడు ఊకెనే పోతుండు. నువ్వు అయిదు వందలంటె పిలుస్తరా?" అంది ఆమె. కాని ఆమె గొంతులోనూ ముందటి గట్టితనం లేదు. వాళ్ల అమ్మాయి బడిఫీజు సంగతి ఇద్దరి మధ్యా ఉంది. ఎవరూ ఎత్తలేదు.

ఆ మర్నాడు అన్నాల వేళ దాటాక కొండల్‌రావు ఫోన్ చేశాడు.

"కుమారస్వామీ, మిల్లుల బస్తాల నడుమ పామున్నదట. హమాలీలు లోపలికి పోతలేరు. లారీ లోడ్ కావాలె. జల్ది రా."

అతను లేచి నిలబడ్డాడు. రేవతి మిషన్ తొక్కడం ఆపింది.

"వస్త సారూ. వెయ్యి రూపాయలు."

"ఏందయ్యా, నాతోని గూడ గట్లనే మాట్లాడ్తవా? మొన్న ఇచ్చిన గదా. గంతకే రా."

"లేదు సారూ. వెయ్యయితెనే వస్త."

ఈసారి మాట మారలేదు.

"సాగర్‌కు మూడు వందలిస్తె ఎగురుకుంటొస్తడు. నీ ఇష్టం మల్ల," అని కొండల్‌రావు పెట్టేశాడు.

ఫోన్ పట్టుకొని అతను అట్లాగే నిలబడిపోయాడు. బండి తాళాలు మేకుకు తగిలించాడు. మళ్లీ తీశాడు. మళ్లీ తగిలించాడు. రేవతి, తప్పు చెప్పానేమో అన్నట్టు సూదిలోకి దారం ఎక్కిస్తూ, ఎక్కకపోతే మళ్లీ మళ్లీ తడుపుతూ కూర్చుంది.

ఫోన్ మళ్లీ మోగింది. తెర మీద సాగర్ పేరు. కుమారస్వామి ఎత్తలేదు. ఆగిపోయి మళ్లీ మోగింది.

"ఎత్తు. ఏమంటడో ఇను," అంది రేవతి.

"అన్నా, నీ దగ్గర పెద్ద సంచి ఉన్నదానె? కొండల్‌రావు సారు మిల్లుల ఉన్న. కొండచిలువ పిల్ల దొరికింది. మస్తు లావున్నది. నా సంచిల పట్టది."

"పట్టినవా?"

"ఇంగ లేదు. ముద్దోలె సుట్టుకొని పన్నది. తోక పట్టి గుంజితె సాలు."

సాగర్ మాటల వెనక ఏదో చప్పుడు. కుక్కర్లోంచి ఆవిరి పోతున్నట్టు, ఆగకుండా, పొడుగ్గా. కుమారస్వామి ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు.

"సాగర్, గా సప్పుడేంది?"

"పామే అన్నా. బుస కొడుతున్నది."

"వీడియో కాల్ పెట్టు. జల్ది పెట్టు."

తెర మీద గోనెసంచులు, వాటి నడుమ మట్టిరంగు ముద్ద. వీపు పొడుగునా గుండ్రటి మచ్చలు, గొలుసు పరిచినట్టు. పక్కనుంచి సాగర్ చేయి కిందికి పోతూ కనిపించింది.

"చెయ్యి తియ్యి! సాగర్, చెయ్యి తియ్యి. అది రక్తపింజర."

చేయి ఆగింది. వెనక్కి మాత్రం రాలేదు.

"ఏందన్నా, భయపెడ్తున్నవా? నాకు బేరం వచ్చిందని..."

"బేరం నువ్వే తీస్కో. పైసలన్ని నువ్వే తీస్కో. నా బిడ్డ మీద ఒట్టు. దాని తలకాయ సూడు. మెడ సన్నగ, తల మూడు మూలల లెక్క ఉంటది. ఉన్నదా?"

తెర మీది బొమ్మ పాము తల వైపు మెల్లగా తిరిగింది.

"ఉన్నదే," అన్నాడు సాగర్ సన్నగా.

"మెల్లగ ఎన్కకు జరుగు. ఉరకకు. దూరం నిలబడి దాని మీదికెల్లి కన్ను తియ్యకు. అది బస్తాల్లకు పోయిందంటె మల్ల దొరకది. నేనొస్తున్న."

రేవతి అప్పటికే మేకు మీది తాళాలు తీసి, బూట్లు గడపలో పెట్టింది. రేటు మాట ఆమె ఎత్తలేదు. అతనికీ గుర్తు రాలేదు.

*

మిల్లు గోదాములో ఒక్క బల్బు వెలుగుతోంది. హమాలీలు బయట లారీ దగ్గర గుంపుగా నిలబడ్డారు. సాగర్ గోడకు ఆనుకొని ఉన్నాడు. చెమటకు వాడి బనీను రంగు మారిపోయింది. కుమారస్వామి లోపలికి వచ్చినా తల తిప్పలేదు. చూపు పాము మీదే.

"అట్లనే సూడు. నేను చెప్పినప్పుడు టార్చి నేల మీద పట్టు."

రక్తపింజర నాగుబాము లాగా పడగ ఎత్తి చెప్పదు. ముద్దలా పడి ఉండి, ఉన్నట్టుండి మూర దూరం ఎగిరి కొడుతుంది. కుమారస్వామి పొడుగు కొక్కెం తీసుకున్నాడు. పాము బుస రేకు గోడలకు తగిలి గోదామంతా నిండిపోయింది. కొక్కెం కింద దూర్చి ఎత్తబోయాడు. పాము ఎగిరి కొట్టింది. కోరలు బూటుకు ముందున్న గోనెసంచిలో దిగి వచ్చాయి. సంచి చిరుగులోంచి బియ్యం గింజలు జలజల రాలాయి. బయట ఎవరో ఆడమనిషి కెవ్వుమంది.

అతను వెనక్కి జరిగి ఊపిరి పీల్చుకున్నాడు. సాగర్ చేతిలో టార్చి వణుకుతోంది.

"గట్టిగ పట్టు. నాకు గదే దారి."

ఈసారి పాము బరువును కొక్కెం మధ్యలోకి తీసుకొని, మరో కర్రతో పైపు మూతిని దాని తల ముందుకు జరిపాడు. పాము నాలుక ఆడించింది. కదల్లేదు. అతను ఆగాడు. చెమట కంట్లోకి దిగి మండినా తుడుచుకోలేదు. చివరికి అది మెల్లగా, బద్ధకంగా పైపులోకి జరిగింది. తోక కూడా మాయమయ్యాక అతను సంచి మూతి మెలిపెట్టాడు. ముడి వేయబోతే వేళ్లు సాగలేదు. సాగర్ ముందుకు వచ్చి ముడి వేశాడు.

బస్తాల వరసలన్నీ కుమారస్వామి టార్చితో చూసి వచ్చాడు. సంచిని బండి వెనక డబ్బాలో పెట్టి తాళం వేసి, ఒట్టి చేతులతో గోదాము గుమ్మంలో ఉన్న కొండల్‌రావు దగ్గరికి వచ్చాడు.

"ఇంగొకటి ఉన్నదా లోపల?" అడిగాడు కొండల్‌రావు. ముఖంలో ఇంకా రంగు తిరిగి రాలేదు.

ఉన్నట్టే ఉందని ఒక్క మాట అంటే లారీ కదలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"లేదు సారూ. మొత్తం సూసిన. మీ పని చేయించుకోండ్రి."

కొండల్‌రావు గట్టిగా ఊపిరి వదిలాడు. జేబులోంచి మూడు వంద నోట్లు తీసి సాగర్‌కు చాపాడు. కుమారస్వామి వైపు తిరిగి, "నేను పిలిస్తె రాకపోతివి, వాడు పిలిస్తె వచ్చినవ్. మీరు మీరు పంచుకోండ్రి," అన్నాడు.

సాగర్ చేయి చాపలేదు. కుమారస్వామిని చూశాడు.

"ఇద్దరికి రెండు వేలు సారూ," అన్నాడు కుమారస్వామి.

"వెయ్యి గదా నీ రేటు?"

"నాకొక వెయ్యి, సాగర్‌కొక వెయ్యి."

"వాడేం చేసిండని? పామేదో గూడ వానికి తెల్వది."

"నేనొచ్చేదాంక దాని మీదికెల్లి కన్ను తియ్యలే సారూ. వాడు ఉరికిపోతె అది బస్తాల్ల దూరు. మీ మనుషులు గా బస్తాల కిందనే చేతులు పెడ్తరు."

కొండల్‌రావు నోట్లు చేతిలో మడిచాడు, విప్పాడు. "సేవ చేస్తున్నమని చెప్పుకుంటరు, ఆఖరికి గీ బేరం," అన్నాడు.

"నేనెన్నడు సేవన్లే, పుణ్యమన్లే సారూ. మీరే అన్నరు."

అని నేల చూశాడు. ఇట్లాంటి మాట పెద్దమనిషి ముందు అతను ఎప్పుడూ అనలేదు. రాలిన బియ్యం చీపురుతో కుప్ప చేస్తున్న మిల్లు కూలి చంద్రవ్వ, తల ఎత్తకుండానే అంది, "వానకాలం ఇంగ మస్తున్నది సారూ. రేపు మల్లొకటి సొస్తె గీళ్లనే పిలవాలె. మేం మాత్రం ముట్టం."

లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. కొండల్‌రావు నోట్లు జేబులో పెట్టుకొని ఫోన్ తీశాడు. రెండుసార్లు పైసలు పంపాడు. అంతదాకా ఫోన్‌లో ఉన్న చూపు ఎత్తకుండానే లోపలికి వెళ్లిపోయాడు.

*

గుట్టల కింద, మనుషులు మసలని చోట పామును వదిలారు. అది రాళ్ల సందులోకి పోయేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. పొద్దు ఇంకా గుంకలేదు. కుమారస్వామి ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాడు. సాగర్ ఒక బండరాయి మీద కూర్చొని తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"తోక పట్టేటోన్నే," అన్నాడు. "ఇంగొక్క నిమిషమయితె పట్టేటోన్ని."

కుమారస్వామి పక్కన కూర్చున్నాడు. తన వంగని వేలును వాడికి చూపించాడు. సాగర్ దాన్ని పట్టుకొని వంచబోయి, చటుక్కున వదిలేశాడు.

"గా వెయ్యి నీదేనే అన్నా. నువ్వే తీస్కో."

"వద్దు. నీదే. ఇంగ నుంచి నీ రేటు గూడ గంతె."

"గట్లయితె నన్నెవలు పిలుస్తరే? నువ్వు పెద్దోనివి. పైసల్లేకుంట పోతనని పిలుస్తున్రు నన్ను."

"నన్ను గూడ పిలుస్తలేరు." కుమారస్వామి అది సిగ్గుపడకుండానే చెప్పాడు. "నువ్వు ఊకెనే పోతె నేను రేటు తగ్గియ్యాలె. నేను తగ్గిస్తె నువ్వు ఇంగ తొందరపడాలె. తొందరల చెయ్యి పెడ్తవ్. కూలోళ్ల ఇంట్లకు ఇద్దరం ఊకెనే పోదం. ఉన్నోళ్లకు మాత్రం ఇద్దరిది ఒక్కటే మాట."

సాగర్ ఒక గడ్డిపోచ తెంపి నోట్లో పెట్టుకున్నాడు. వాడి ఫోన్ మోగింది. కొత్త నంబరు. కుమారస్వామికి వినపడేట్టు స్పీకర్ వేశాడు.

"సాగరేనా? మాది కనుకుల. మా ఫారంల పామున్నది. కోళ్లన్ని ఒక్కతీర్గ అరుస్తున్నయ్. ఎంత తీసుకుంటవ్?"

సాగర్ కుమారస్వామిని చూశాడు. కుమారస్వామి గుట్టల వైపు చూస్తున్నాడు.

"వెయ్యన్నా. పెట్రోల్ అలగ్."

"నువ్వు ఊకెనే వస్తవంటిరి గదా?"

"లేదన్నా. వెయ్యి."

లైన్ తెగిపోయింది. సాగర్ తెర చూశాడు. "కట్ చేసిండే," అన్నాడు. వాడి ముఖం చిన్నబోయింది. వాడి బేరం పోగొట్టానా అనుకున్నాడు కుమారస్వామి. దూరంగా రోడ్డు మీద లారీలు పోతున్న చప్పుడు.

ఈసారి కుమారస్వామి ఫోన్ మోగింది. సాగర్ తొంగి చూసి అదే నంబరని వేలితో చూపించాడు.

"పాములు పట్టెటాయననా? కనుకుల కోళ్లఫారం కాడికెల్లి. జల్ది రావాలె. ఎంతిమ్మంటవ్?"

"వెయ్యి. పెట్రోల్ అలగ్."

అవతల ఫోన్‌ను చేత్తో మూసినట్టయింది. అయినా మాట వినపడింది. "ఈయన గూడ గదే అంటుండు బాపూ." ఇంకెవరిదో పెద్ద గొంతు ఏదో కసిరింది. కోళ్ల అరుపులు. సాగర్ నోట్లో గడ్డిపోచ కదలడం మానేసింది.

"సరె. రాండ్రి," అంది ఫోన్.

కుమారస్వామి ఫోన్ జేబులో పెట్టుకొని లేచాడు. పెద్ద సంచి, పొడుగు కొక్కెం డబ్బాలోంచి తీసి సాగర్ చేతికిచ్చాడు.

"నాకెందుకే? నిన్ను గదా రమ్మన్నడు."

"ముందుగాల పిలిచింది నిన్ను."

"ఒక్కన్నేనా?" సాగర్ కొక్కేన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"పోయి దూరంకెల్లి ఫోటో పెట్టు. ఏం పామో నేను చెప్పేదాంక దగ్గరికి పోకు. నీ ఎన్కనే వస్తున్న."

సాగర్ బండి స్టార్ట్ చేశాడు. కొంచెం దూరం పోయి ఆపి, కుమారస్వామి బండి కూడా కదిలిందో లేదో వెనక్కి తిరిగి చూసుకొని, రోడ్డెక్కాడు.